ట్రియెస్టె పోయింది, బావతో మాటలూ తగ్గాయి: డిప్లొమసీలో పొత్తు నిలబెట్టుకోవడం ఎలా?

గోదారిగట్టు

సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో ఏడుగురం చేరి డిప్లొమసీ ఆడాం (ఐరోపా పటం మీద ఏడు రాజ్యాలు తలపడే బల్ల ఆట). చీటీలు తీస్తే నాకు ఆస్ట్రియా వచ్చింది, మా బావకు (అక్క భర్త) ఇటలీ. ఆట మొదలుకాకముందే ఇద్దరం పెరట్లోకి వెళ్లి మాట్లాడుకున్నాం. ఆయన వెనిస్, నా ట్రియెస్టె పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒకరి గుమ్మంలో ఒకరు కాలు పెట్టకూడదు. ఆ రెంటినీ ఆనుకుని ఉన్న టైరోలియా ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఇద్దరం కలిసి టర్కీ మీదికి వెళ్లాలి.

ఆటలో మూడేళ్లు ఆ మాట చక్కగా నడిచింది. బావ ట్యునిస్ తీసుకున్నాడు, అక్కడి సైన్యాన్ని నౌకల మీద దాటించి 1903లో (ఆటలో ఏళ్ల లెక్క 1901 నుంచి మొదలు) టర్కీవాడి స్మిర్నా పట్టాడు. నేను సెర్బియా, గ్రీసు, బల్గేరియా, రుమేనియా తీసుకున్నాను. ఆ ఏడాది ముగిసేసరికి నాకు 7 కేంద్రాలు, బావకు 5 (పటం మీద కేంద్రాలనే చోట్లు ఎన్ని పడితే అన్ని దళాలు).

1904 వసంతంలో బావ వెనిస్ సైన్యాన్ని టైరోలియాకు జరిపాడు. అడిగితే, జర్మనీవాడి మ్యూనిక్ ఖాళీగా ఉంది, దానికోసం అన్నాడు. నమ్మాను. శరత్కాలం ఆర్డర్లు విప్పి చదివితే ఒకేసారి మూడు పోయాయి. టైరోలియా నుంచి వియన్నా, వెనిస్ నుంచి ట్రియెస్టె, ఏజియన్ సముద్రం నుంచి, అయోనియన్ సముద్రంలోని నౌక సపోర్టుతో గ్రీసు. నా ఏడు దళాల్లో ఒక్కటి కూడా వియన్నాలో గాని, ట్రియెస్టెలో గాని లేదు.

ఆట అయిపోయి మూడు వారాలైంది. అక్క రెండుసార్లు ఫోను చేసింది. బావతో మాత్రం నేను మాట్లాడలేకపోతున్నాను. ఓడిపోయినందుకు కాదు. నా కళ్లలోకి చూస్తూ మ్యూనిక్ అన్నాడే, అది మింగుడు పడడం లేదు. ఈ పొత్తును నేను ఎలా కాపాడుకోవలసింది? అసలు ఇలా మాట తప్పడం సబబేనా?

పద్దెనిమిది

సబబే. ఏ ఒప్పందానికీ ఎవరూ కట్టుబడనక్కర్లేదని నియమాలే చెబుతున్నాయి. మొత్తం 34 కేంద్రాలు, గెలవాలంటే 18 కావాలి. ఇద్దరికి చెరో 18 రావు. మీ బావ ఆట ఆడాడు, అంతే.

మునగచెట్టు

పద్దెనిమిది గారూ, నియమం ఒప్పుకున్నంత మాత్రాన మనసు ఒప్పుకోవాలా? చదరంగంలో మంత్రిని కోల్పోతే ఎవరికీ కడుపు మండదు. ఇక్కడ మండుతుంది. ఎందుకంటే ఇక్కడ పోయింది కర్రముక్క కాదు, మాట. గోదారిగట్టు గారి బాధ నాకు అర్థమైంది.

తపాలా_ఆట

గోదారిగట్టు గారూ, మీరు చెప్పిన కేంద్రాల లెక్క వేసుకుంటూ చదివాను. ఒక్క విషయం మీరు దాటేశారు. 1903 చివర స్మిర్నాతో బావకు అయిదో కేంద్రం వచ్చింది కదా, కొత్త దళాన్ని ఎక్కడ పెట్టాడు? మీ కథ ప్రకారం 1904 శరత్కాలంలో టైరోలియాలో ఒక సైన్యం, వెనిస్‌లో ఇంకొకటి ఉన్నాయి. అంటే శీతాకాలంలో రోములో సైన్యం కట్టి, వసంతంలో వెనిస్‌కు జరిపి ఉండాలి.

టర్కీ మీద యుద్ధం చేసే ఇటలీకి కావలసింది నౌక. నేపుల్స్‌లో నౌక కట్టి అయోనియన్‌లోకి, అక్కడి నుంచి తూర్పు మధ్యధరాకు పంపాలి. రోములో కట్టిన సైన్యం ఎటు నడుస్తుంది? ఫ్రాన్స్ మీదికి, లేదా మీ మీదికి. అప్పటికి ఫ్రాన్స్‌తో బావకు తగాదా ఉందా? లేకపోతే ఆ శీతాకాలంలోనే ఆయన సంగతి చెప్పేసినట్టు. నోరు ఏమైనా చెప్పవచ్చు, కొత్తగా కట్టిన దళం మాత్రం దాచడానికి వీలుకాదు. అది బల్ల మీద అందరి ఎదుటా ఉంటుంది.

రెండోది టైరోలియా. మీ ఒప్పందంలో అది ఖాళీగా ఉండాలని మీరే రాశారు. అందులో సైన్యం దిగిన క్షణమే ఒప్పందం తెగింది. ఆ తర్వాత కూడా మీకు ఒక పూర్తి ఋతువు మిగిలింది. బుడాపెస్టు నుంచో, గలీషియా నుంచో ఒక సైన్యాన్ని వియన్నాకు వెనక్కు జరిపి ఉంటే కనీసం వియన్నా దక్కేది. పైగా ఆ కదలిక చూసి బావ మనసు మార్చుకునే అవకాశమూ ఉండేది.

నేను పదేళ్లుగా ఈమెయిలులో ఈ ఆట ఆడుతున్నాను. పొత్తుకు కాపలా నమ్మకం కాదు. మోసం చేస్తే తనకెంత నష్టమో అవతలివాడికి లెక్క కనిపించాలి. ఇంట్లో ఒక్క సైన్యాన్ని ఉంచుకోవడం మిత్రుడికి అవమానం కాదు. ఆయనకు ఆశ పుట్టకుండా చూడడం.

గోదారిగట్టు

రోము సంగతి నాకు తట్టనే లేదు. ఫ్రాన్స్‌తో బావకు ఏ తగాదా లేదు. మార్సెయ్ వైపు ఒక్క దళం కూడా వెళ్లలేదు. మీరు చెప్పాక ఇప్పుడు పటం ముందు పెట్టుకుని చూస్తున్నాను.

లేతకొబ్బరి

ఈ ఆట పేరు వినడమే తప్ప చూడలేదు. పాచికలు ఉండవా? మరి గెలుపు ఎవరిదో ఎలా తేలుతుంది?

పాతపటాలు

పాచికలు లేవు, పేకముక్కలు లేవు, అదృష్టం అనేదే లేదు. దేశాలు మాత్రం మొదట చీటీలు తీసి పంచుకుంటారు. 1901 నాటి ఐరోపా పటం. ఇంగ్లండు, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా, రష్యా, టర్కీ అని ఏడు రాజ్యాలు. రష్యాకు 4 దళాలు, మిగిలిన అందరికీ మూడేసి. ప్రతి ఋతువుకూ ముందు కొంతసేపు ఎవరు ఎవరితోనైనా చాటుగా మాట్లాడుకోవచ్చు. తర్వాత అందరూ ఆర్డర్లు కాగితం మీద రాసి ఒకేసారి విప్పుతారు. ఒక సైన్యానికీ ఇంకో సైన్యానికీ బలంలో తేడా లేదు. పక్క దళం సపోర్టు ఉన్నవాడే నెగ్గుతాడు. ఆ సపోర్టు ఇంకో దేశంవాడు కూడా ఇవ్వవచ్చు. అందుకే మాటలతోనే ఆట.

దీన్ని తయారుచేసినవాడు అమెరికాకు చెందిన అలన్ కాలమర్. 1954లో రూపం ఇచ్చాడు. ప్రచురించడానికి ఎవరూ ముందుకు రాకపోతే 1959లో సొంత డబ్బుతో 500 ప్రతులు వేసి అమ్మాడు. తర్వాతి జీవితంలో ఆయన చేసిన ఉద్యోగం ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచడం. 2013లో పోయాడు. ఆయన ఆటను ప్రపంచంలో వేలమంది ఉత్తరాల ద్వారానే ఆడారన్నది నాకు ఎప్పుడు తలచుకున్నా సంతోషం కలిగించే విషయం.

లేతకొబ్బరి

అర్థమైంది. అంటే ఏడుగురు దొరకాలి, ఒక రోజంతా ఉండాలి. మా అపార్ట్‌మెంటులో ఏడుగురిని వాచీ చూసుకోకుండా కూర్చోబెట్టడమే పెద్ద రాయబారం.

పాతపటాలు

అసలు సంగతికి వస్తాను. ఇటలీ, ఆస్ట్రియా, ట్రియెస్టె అనగానే నాకు నిజమైన చరిత్రే గుర్తుకొచ్చింది. 1882లో జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ కలిసి త్రైపాక్షిక కూటమి కట్టాయి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇటలీ తటస్థంగా కూర్చుంది. ఇది ఆత్మరక్షణ కోసం చేసుకున్న ఒప్పందం, సెర్బియా మీదికి వెళ్లింది మీరు, మాకు బాధ్యత లేదు అంది. 1915 ఏప్రిల్ 26న లండన్‌లో అవతలి పక్షంతో (ఇంగ్లండు, ఫ్రాన్స్, రష్యా) రహస్యంగా సంతకం చేసింది. మే 23న ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది. ఆ సంతకానికి వాగ్దానం చేసిన ప్రతిఫలాల్లో ట్రియెస్టె ఒకటి. టైరోల్ దక్షిణ భాగం కూడా అందులో ఉంది.

గోదారిగట్టు గారి బావ చరిత్ర చదివి ఆడారో లేదో తెలియదు గాని, సరిగ్గా ఆ రెండు చోట్లే అడుగు వేశారు. పటం మీద వేర్వేరు దేశాల సొంత కేంద్రాలు రెండు ఆనుకుని ఉన్నది వెనిస్, ట్రియెస్టె దగ్గర మాత్రమే. కాలమర్ ఆ జతను అలా ఉంచడం వల్లే ఇటలీకీ ఆస్ట్రియాకూ స్నేహం తప్పనిసరి, భయమూ తప్పనిసరి.

పద్దెనిమిది

చూశారా, నిజం రాజ్యాలే అలా చేశాయి. మరి ఆటలో బావగారిని తప్పుపట్టడం ఎందుకు?

మునగచెట్టు

నిజం రాజ్యాలు చేసినదానికి ఫలితం ఏమిటో కూడా చూడండి. ఇసొంజో నది ఒడ్డున 12 యుద్ధాలు. ట్రియెస్టెలో ఇటలీ అడుగుపెట్టేసరికి 1918 నవంబరు వచ్చింది. లక్షల మంది పోయారు. ఆ ఉదాహరణతో సమర్థించడం నాకు నచ్చలేదు.

పాతపటాలు

నేను సమర్థించలేదండీ. పోలిక చెప్పాను. నిజానికి నా దృష్టిలో ఇటలీ చేసింది వెన్నుపోటు కంటే బేరం. ఎవరు ఎక్కువ ఇస్తే వారి వైపు వెళ్లింది. ఆస్ట్రియా వాళ్లు ముందుగానే ట్రెంటినో (టైరోల్ దక్షిణ భాగంలోని ప్రాంతం) ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆటలో కూడా అదే ప్రశ్న అడగాలి. గోదారిగట్టు గారూ, మీకు 7, బావకు 5 ఉన్నప్పుడు ఆయనకు మీరేం ఇవ్వజూపారు? కాన్‌స్టాంటినోపుల్ ఎవరిది, అంకారా ఎవరిది?

గోదారిగట్టు

కాన్‌స్టాంటినోపుల్ నాకు, అంకారా కూడా నాకే అనుకున్నాం. బావకు స్మిర్నా చాలుననుకున్నాను. ఫ్రాన్స్ వైపు చూసుకోమన్నాను.

తపాలా_ఆట

అంటే 9, 5. ఆయన చోట నేనున్నా నిద్ర పట్టదు. పొత్తులో ఇద్దరూ ఇంచుమించు సమానంగా పెరగాలి. ఒకడికి రెండు వస్తే రెండోవాడికి ఒకటైనా రావాలి. అది ఏ ఋతువులో, ఎవరి సపోర్టుతో వస్తుందో ముందే కాగితం మీద ఉండాలి. 'ఫ్రాన్స్ వైపు చూసుకో' అనేది వాటా కాదు.

సీతాఫలం

మీరంతా పెద్ద ఆట గురించి మాట్లాడుతున్నారు. మా ఇంట్లో కటాన్‌కే (సరుకులు మార్చుకుంటూ ఆడే బల్ల ఆట) ఇంత గొడవ. మా చిన్నమ్మాయి 'ఈసారి గొర్రె ఇస్తే దొంగను నీ మీద పెట్టను' అని నా దగ్గర గొర్రె పుచ్చుకుంది. వెంటనే పాచికల్లో ఏడు పడింది, అంటే దొంగను జరపాలి. దొంగ తిన్నగా నా గనుల మీదికి వచ్చాడు. అడిగితే, ఈసారి అన్నానా, వచ్చేసారి అన్నానా అంది. తొమ్మిదేళ్లు దానికి.

లేతకొబ్బరి

సీతాఫలం గారూ, పాపకు డిప్లొమసీ నేర్పించండి. టర్కీ ఇవ్వండి.

సీతాఫలం

నవ్వుకున్నాను. కాని అందులో నాకు నిజంగా ఒక సందేహం ఉంది. అలాంటి మాటను పిల్లలతో ఆడేటప్పుడు నిలబెట్టమని పట్టుబట్టాలా, వదిలేయాలా? ఆరోజు నేను పట్టుబట్టాను. ఆమె ఏడ్చింది. తర్వాత రెండు ఆటల్లో వాళ్ల అక్క ఆమెతో వ్యాపారం చేయనంది. అప్పుడు తనంతట తనే వచ్చి, ఈసారి మాట తప్పను అని చెప్పింది. నా పట్టుదలకంటే అక్క చేసిన పనే ఎక్కువ నేర్పింది.

తపాలా_ఆట

అదే నేను చెప్పేది. కటాన్‌లో 10 పాయింట్లకు చేరాలంటే ఒంటరిగా కుదరదు, వ్యాపారం కావాలి. మాట తప్పినవాడి చేతిలో ఇటుకలు నిండుగా ఉన్నా కొనేవాడు ఉండడు.

నల్లరేగడి

మా బృందంలో వేరే సమస్య. ఒక భార్యాభర్తల జంట ఉంది. ఏ ఆటైనా ఇద్దరూ ఒకటే. రిస్క్ (ప్రపంచ పటం మీద ఆడే యుద్ధం ఆట) ఆడితే ఆయన ఆస్ట్రేలియాలో కూర్చుంటారు, ఆవిడ ఆసియాలో ఆయనకు అడ్డుగోడగా నిలబడతారు. ఆస్ట్రేలియాలోకి సయామ్ ఒక్కటే దారి కదా, ఇక ఆయనను కదిలించేవాడు లేడు. ప్రతి విడతకూ రెండు సైన్యాలు ఊరికే వస్తుంటాయి. మిగిలిన ముగ్గురం ఆటగాళ్లమో ప్రేక్షకులమో తెలియదు. బల్ల బయటి బంధాన్ని బల్ల మీదికి తేవడం నా దృష్టిలో వెన్నుపోటుకంటే పెద్ద తప్పు. వెన్నుపోటులో కనీసం ఆట ఉంది.

మల్లెపందిరి

నల్లరేగడి గారూ, భార్యాభర్తలందరూ అలా ఉండరు. ఒకసారి నాకు రష్యా, మా ఆయనకు టర్కీ వచ్చాయి. ఆ రెండూ కలిస్తే ఆపడం కష్టం. ఆ పొత్తును ఆటగాళ్లు జగర్‌నాట్ అంటారు (ఆ మాట మన పూరీ జగన్నాథుడి రథం నుంచి పుట్టిందే). చీటీలు విప్పగానే మిగిలిన ఐదుగురూ మా వైపు అనుమానంగా చూశారు. ఇంకా ఏమీ చేయకముందే మేం దోషులం.

నేను నల్లసముద్రం ఖాళీగా ఉంచుదామన్నాను, ఆయన సరేనన్నారు. 1902లో నేనే అందులోకి నౌకను దింపాను. మరుసటి ఏడాది ఆర్మేనియా నుంచి, నల్లసముద్రం సపోర్టుతో అంకారా తీసుకున్నాను. ఆయన ముఖం చూస్తే బాధేసింది. కాని అలా చేయకపోతే ఆ ఐదుగురికీ మేమిద్దరం ఆట పాడుచేసినట్టయ్యేది. ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద మాటల్లేవు. రాత్రి పడుకోబోయే ముందు, ఆర్మేనియాలోకి ఎప్పుడు వెళ్లావు, నేను చూడలేదే అని అడిగారు. ఒంటిగంట దాకా పటం వేసుకుని కూర్చున్నాం. గోదారిగట్టు గారూ, మీ బావగారితో మీరు కూడా ఆ పటం ముందు కూర్చోవాలని నా కోరిక.

నల్లరేగడి

మల్లెపందిరి గారూ, మా ఊరు రండి. మా జంటకు మీరు పాఠం చెప్పాలి.

యంత్రమూ_నేనూ

2022 నవంబరులో మెటా సంస్థవారు సిసెరో అనే కృత్రిమ మేధ ఈ ఆట ఆడినట్టు ప్రకటించారు. వెబ్‌డిప్లొమసీ అనే వెబ్‌సైటులో 40 ఆటలు మనుషులతో ఆడింది. ఒకటికంటే ఎక్కువ ఆటలు ఆడినవారిలో మొదటి 10 శాతంలో నిలిచింది. చదరంగంలోనూ గో అనే ఆటలోనూ యంత్రం గెలవడం వేరు, ఇక్కడ అది మనుషులతో మాట్లాడి ఒప్పించాలి. అది చాలావరకు నిజాయితీగా ఉండేలా శిక్షణ ఇచ్చామని తయారుచేసినవారు చెప్పారు. నిజాయితీతోనే అంత పైకి వెళ్లిందంటే అబద్ధం అవసరం లేదనే కదా?

పద్దెనిమిది

ఆ కథకు రెండో సగం కూడా ఉంది. ఆ ఆటల సంభాషణలను తర్వాత వేరే పరిశోధకులు తిరగేశారు. ఒక ఆటలో అది ఫ్రాన్స్. ముందు జర్మనీతో కలిసి ఉత్తర సముద్రంలోకి జర్మనీ దిగేలా కుట్ర చేసుకుంది. తర్వాత ఇంగ్లండు దగ్గరికి వెళ్లి, అక్కడికి ఎవరైనా వస్తే నిన్ను కాపాడతానని మాట ఇచ్చింది. ఇంగ్లండు నమ్మిందని తిరిగి జర్మనీకి చెప్పింది. యంత్రం కూడా చివరికి మీ బావగారిలాగే ఆడింది.

తపాలా_ఆట

నా అనుభవం మాత్రం యంత్రమూ_నేనూ గారి వైపే ఉంది. నేను ఆటలో అబద్ధం చెప్పను. చెప్పకూడనిది చెప్పకుండా ఊరుకుంటాను. ఈమెయిలులో ఆడితే ప్రతి మాటా రాతలో మిగులుతుంది. ఒక అబద్ధం దొరికితే ఆ ఆటలో ఆరుగురికీ చేరుతుంది. మాట తప్పవలసి వస్తే, ఆ ఋతువులో వచ్చిన ఉత్తరానికి జవాబు రాయను.

మునగచెట్టు

నమ్ముకున్నవాడు అడిగినప్పుడు మౌనంగా ఉండడం కూడా అబద్ధమే కదండీ. మీరు జవాబు రాయకపోతే అవతలివాడు పాత మాటే నిలిచి ఉందనుకుంటాడు. మీకు తెలిసే అలా అనుకోనిస్తున్నారు.

తపాలా_ఆట

కాదంటాను. నా మౌనం చూసి జాగ్రత్తపడినవాళ్లు చాలామంది ఉన్నారు. పదేళ్లలో నాతో ఆడినవాళ్లకు నేను జవాబు రాయలేదంటే ఏమిటో తెలుసు. అదొక హెచ్చరిక. అబద్ధం చెబితే ఆ అవకాశం కూడా ఇవ్వనట్టు.

మునగచెట్టు

కొత్తగా మీతో ఆడేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఇక్కడ మనిద్దరికీ కుదరదు, వదిలేద్దాం.

పాతపటాలు

మీ ఇద్దరి వాదన చదువుతుంటే కౌటిల్యుడు చెప్పిన ఆరు రాజనీతి గుణాలు గుర్తొస్తున్నాయి. సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా వేచి ఉండడం), యానం (దండెత్తడం), సంశ్రయం (ఇంకొకరి ఆశ్రయం), ద్వైధీభావం. తపాలా_ఆట గారి మౌనం ఆసనం. బావగారిది ద్వైధీభావం, ఒకరితో సంధి నడుపుతూ ఇంకొకరితో విగ్రహం సాగించడం. ఆ ఆరూ రాజుకు ఉండవలసిన పనిముట్లుగానే చెప్పాడు, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని కాదు. ఏ సమయానికి ఏది అన్నదే ప్రశ్న.

కౌటిల్యుడి మండల సిద్ధాంతం ఈ పటానికి అచ్చంగా సరిపోతుంది. పొరుగువాడు శత్రువు, పొరుగువాడి పొరుగువాడు మిత్రుడు. ఆస్ట్రియాకు సరిహద్దు కలవనిది, కాని ఇటలీకి పొరుగున ఉన్నది ఎవరు? ఫ్రాన్స్. నేను ఆస్ట్రియా ఆడిన ప్రతిసారీ మొదటి ఉత్తరం ఫ్రాన్స్‌కే రాస్తాను. 'ఇటలీ నా మీదికి వస్తే పీడ్‌మాంట్‌లో ఒక సైన్యం పెట్టు, నీ మీదికి వస్తే టైరోలియాలో నేను పెడతాను.' ఆ ఒక్క ఏర్పాటుతో ఇటలీ వెనిస్ విడిచి కదలడానికి జంకుతుంది.

ఇంకొక ముచ్చట. నలుగురు ఆడే చదరంగం మన దేశంలో ఉండేది. అల్ బిరూనీ దాదాపు వెయ్యేళ్ల కిందట పాచికలతో ఆడే ఆ ఆటను వర్ణించాడు. తర్వాత బెంగాలులో రాసిపెట్టిన నియమాల్లో ఇద్దరిద్దరు మిత్రులుగా ఆడతారు. అయితే ఒక రాజు తన మిత్రుడి సింహాసనపు గడిలోకి వెళ్లి కూర్చుంటే రెండు సైన్యాలూ అతనివే. వెన్నుపోటును నియమంగానే రాసుకున్న ఆట అది. కాలమర్‌కంటే కొన్ని వందల ఏళ్ల ముందు.

సీతాఫలం

మిత్రుడి సింహాసనం మీద కూర్చోవడం! ఇది మా చిన్నమ్మాయికి చెప్పను.

గోదారిగట్టు

నిన్న రాత్రి మల్లెపందిరి గారి మాట పట్టుకుని బావకు ఫోను చేశాను. గంటకు పైగా మాట్లాడుకున్నాం. ఇక్కడ నేను చెప్పని విషయం ఒకటి ఉంది. అది చెప్పకుండా మీ అందరి సలహాలు తీసుకోవడం న్యాయం కాదు.

1903లో రుమేనియా విషయంలో రష్యాతో నాకు చిక్కొచ్చింది. రష్యా ఆడింది మా పిన్ని కొడుకు. వాడిని శాంతపరచడానికి, 'రుమేనియా నాకు వదిలేయి, నువ్వు జర్మనీ చూసుకో, టర్కీ పని కాగానే నేను ఇటలీ మీదికి తిరుగుతాను' అన్నాను. అప్పటికి అది కేవలం రుమేనియా కోసం చెప్పిన మాట. నిజంగా తిరిగేవాడినా అంటే, ఇప్పుడు నిజాయితీగా ఆలోచిస్తే, తిరిగేవాడినేమో. 9 కేంద్రాలు వచ్చాక ఇక వెళ్లడానికి వేరే దిక్కు లేదు.

వాడు ఆ మాట అదే రోజు తీసుకెళ్లి బావ చెవిలో వేశాడు. ఆ శీతాకాలంలోనే బావ రోములో సైన్యం కట్టాడు. 'నువ్వు నన్ను అడిగినప్పుడు మ్యూనిక్ అని అబద్ధం చెప్పాను, నిజమే. నువ్వు వసారాలో వాడితో అన్నమాట నాకు చెప్పావా?' అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

పద్దెనిమిది

ఇది ముందే చెప్పవలసింది.

మునగచెట్టు

నేను మొదటినుంచీ మీ పక్షాన రాస్తున్నాను. ఇప్పుడు బావగారికి క్షమాపణ చెప్పుకోవాలనిపిస్తోంది. అయినా చెప్పారు, అది మంచిపని.

తపాలా_ఆట

ఇప్పుడు లెక్క సరిపోయింది. కారణం లేకుండా రోములో సైన్యం ఎందుకా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. అసలు దమనకుడు మీ పిన్నిగారి అబ్బాయి. సింహానికీ ఎద్దుకూ మధ్య పుల్ల పెట్టి పక్కన నిలబడ్డాడు. చివరికి ఎవరికి ఎన్ని వచ్చాయి?

గోదారిగట్టు

1907 దగ్గర ఆపేశాం, ఇద్దరికి రాత్రి బస్సు ఉంది. రష్యా 11, ఇటలీ 9, ఫ్రాన్స్ 8, ఇంగ్లండు 4, నాకు 2. బతికి ఉన్నవాళ్లందరికీ సమానంగా డ్రా అని రాసుకున్నాం. వాడు మాత్రం అరిసెల డబ్బా చంకలో పెట్టుకుని గెలిచినవాడిలాగే వెళ్లాడు.

పాతపటాలు

ఒక్కటి గమనించండి. మీరు ఆ మాట నిజంగానే అన్నారు కాబట్టి రష్యా అబద్ధం చెప్పనక్కర్లేదు. ఉన్నమాటను చేరవలసిన చెవికి చేర్చాడు. ఈ ఆటలో మూడోవాడికి చెప్పే ప్రతి మాటా మొదటివాడు వింటున్నాడనుకునే రాయాలి. నేను ఇటలీ గురించి రష్యాకు రాసే ఉత్తరం ముందు ఇటలీకే చూపించిన సందర్భాలున్నాయి. 'రుమేనియా కోసం వాడికి ఇలా చెబుతున్నాను, నమ్మకు' అని. అలా చెప్పి ఉంటే పిన్నిగారి అబ్బాయి మోసుకెళ్లిన మాట బావకు పాత కబురయ్యేది.

మల్లెపందిరి

పాతపటాలు గారు చెప్పింది బంగారంలాంటి మాట. మా ఆయనతో కలిసి ఆడినప్పుడు కూడా ఇదే చేస్తాను. ఇంతకీ బావగారితో ఇప్పుడు ఎలా ఉంది?

గోదారిగట్టు

బాగుంది. చివరికి అక్క ఫోను లాక్కుని, మీ ఇద్దరి ట్రియెస్టె గోలలో అన్నం చల్లారిపోతోందని కోప్పడింది. ఉగాదికి మళ్లీ ఆడదామనుకున్నాం. చీటీలు నిన్నే ఫోనులో తీశాం. ఈసారి నాకు ఇటలీ, బావకు ఆస్ట్రియా.

లేతకొబ్బరి

నమ్మలేకపోతున్నాను!

నల్లరేగడి

పిన్నిగారి అబ్బాయికి ఏం వచ్చింది? అది ముందు చెప్పండి.

గోదారిగట్టు

టర్కీ.

తపాలా_ఆట

అయితే మీ ఇద్దరికీ చేయవలసిన పని స్పష్టం. లెపాంటో అనే ఎత్తుగడ ఆడండి. మొదటి వసంతంలో నేపుల్స్ నౌక అయోనియన్‌కు, రోము సైన్యం అపూలియాకు, వెనిస్ కదలదు. శరత్కాలంలో అపూలియా సైన్యాన్ని ట్యునిస్‌కు దాటించి నేపుల్స్‌లో నౌక కట్టండి. నేపుల్స్‌లోనే, మళ్లీ చెబుతున్నాను. రెండో ఏడాది తూర్పు మధ్యధరాలోకి వెళ్లి, ట్యునిస్ సైన్యాన్ని సిరియాలోనో స్మిర్నాలోనో దింపాలి. 1571లో లెపాంటో దగ్గర క్రైస్తవ రాజ్యాల నౌకలు కలిసి ఒట్టోమన్ నౌకాదళాన్ని ఓడించాయి, ఆ పేరే దీనికి పెట్టారు. టర్కీ కేంద్రాలు ఎవరికి ఏవో ఈసారి మొదటిరోజే కాగితం మీద రాసుకోండి.

గోదారిగట్టు

రాసుకున్నాం. స్మిర్నా, కాన్‌స్టాంటినోపుల్ నావి, బల్గేరియా, అంకారా బావవి. ఇందాకే బావ నుంచి మొదటి సందేశం వచ్చింది. 'వెనిస్ సైన్యం కదలదు కదా?' అని. కదలదు అని రాశాను. నిజంగానే కదలదు.

పద్దెనిమిది

మీ మాట సరే. ఆయన ట్రియెస్టె నౌక ఎటు వెళ్తుందో అడిగారా? అల్బేనియాకా, వెనిస్‌కా? కొందరు ఆస్ట్రియావాళ్లు మొదటి ఋతువులోనే దాన్ని వెనిస్ మీదికి పంపుతారు.

గోదారిగట్టు

అడిగాను. ఇంకా జవాబు రాలేదు.